మూడో గొంతు

"ఏడుపు గురించి నూరు మాటలు చెప్పించావు. అసలు ఏడుపెక్కడుందమ్మా?" అన్నాడు వెంకటనారాయణ.

ఆయన చేతిలో ఉన్నది ద్వాలి రాసిన రెండో అధ్యాయం. తండా ఆడవాళ్ళు శోకాలు ఎలా పెడతారు, ఎప్పుడు పెడతారు, ఎందుకు పెడతారు అన్నది ఆమె ఎం.ఏ. ఆఖరి ఏడాది పరిశోధన. పుట్టింది టేకులపల్లి దగ్గరి తండాలోనే కాబట్టి ఈ పని తేలికని అందరూ అనుకున్నారు. ద్వాలి కూడా అనుకుంది. ఖమ్మం పీజీ సెంటరులో సోషియాలజీ సారు వెంకటనారాయణ ఒక్కడే అనుకోలేదు.

"ఇక్కడ చూడు. 'మనిషి పోతే రాగం కట్టి ఏడుస్తం, చుట్టం వస్తే మెడలు పట్టుకొని ఏడుస్తం' అందట ఒకావిడ. బావుంది. ఇది కూర ఎలా వండాలో అడిగి రాసుకోవడం. గిన్నెలో కూర ఏదీ?"

"ఏడవమంటే ఏడవరు సార్."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు," అని, ఒలిచిన పల్లీ నోట్లో వేసుకోబోయి ఆగిపోయాడాయన. ద్వాలి తల్లి పోయిన వానాకాలంలోనే చనిపోయింది. సెలవు చీటీ మీద సంతకం పెట్టింది ఆయనే. "ఏదో సామెతలేమ్మా," అన్నాడు పల్లీ బల్ల మీద పెట్టి.

ఆయన నొచ్చుకున్నాడని ద్వాలికి అర్థమైంది. తనకు మాత్రం ఏమీ అనిపించలేదు. తల్లి పోయినప్పటి నుంచి ఆమె పరిస్థితి ఇదే. అన్నం తింటే అన్నం, ఎండ కొడితే ఎండ, అంతకు మించి ఏదీ లోపలికి దిగడం లేదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ తనది కానట్టు ఉంటుందే, అలాగే ఉంది మనిషంతా.

"చూడమ్మా, పద్ధతి మళ్ళీ చెప్తాను. రికార్డు చేశాక ఎవరి గొంతు వాళ్ళదిగా విడదీసి రాయాలి. పేర్లు వద్దు, ఏ, బి, సి అని పెట్టు. దగ్గితే దగ్గు రాయి, ఊరుకుంటే ఊరుకున్నారని రాయి. నీకు నచ్చినట్టు దిద్దకు. అంతా అయ్యాక తీసుకెళ్ళి ఎవరి మాట వాళ్ళకే వినిపించు. ఔను నేనన్నదే అంటేనే అది లెక్క. నాకు నిజమైన శోకం ఒక్కటి కావాలి. అది లేకుండా దీన్ని యూనివర్సిటీకి పంపను. వచ్చే ఏడు మళ్ళీ రాసుకో."

వచ్చే ఏడు అన్నమాట ద్వాలి విషయంలో లేదు. ఈ ఏడు చదువు పూర్తి కాకపోతే ఇంటికి వచ్చెయ్యమని అన్న హీరాలాల్ ముందే చెప్పి ఉంచాడు. వస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. సంబంధాలు చూస్తారు. అందుకని డిపార్టుమెంటు టేపురికార్డరును తోలు సంచితో సహా భుజానికి తగిలించుకుని మర్నాడు పొద్దున్నే ఇల్లెందు మీదుగా పోయే బస్సెక్కింది.

*

టేకులపల్లిలో దిగి అడవి దారిన నడిస్తే తండా. మొదట్లోనే కల్లం. మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, గుంపుగా కూర్చుని, రంగు మారిన తాలు కాయలు ఏరి పక్కకు విసురుతున్నారు.

ద్వాలిని ముందు చూసింది ఫూఫీ బాలి, అంటే ఆమె తండ్రి మంగీలాల్ అక్క. లేచి, చేతులకు అంటిన ఘాటును పావడాకు తుడుచుకుని, రెండు చేతులూ చాచి ఎదురొచ్చింది. దగ్గరికి వచ్చాక ఆ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మధ్యలో టేపురికార్డరు ఉంది.

"బాగున్నవా ఫూఫీ?" అంది ద్వాలి.

చేతులు దిగిపోయాయి. "ఆఁ, బాగున్న. కూసో," అంది బాలి.

లంబాడీ ఆడమనిషి చాన్నాళ్ళకు ఇంటికొస్తే ముందుగా ఎవరూ 'బాగున్నావా' అని అడగరు. మెడలు పట్టుకుని రాగం తీస్తారు. ఒకరు ఒక మాట అని ఆగితే రెండోవారు అందుకోవాలి. ఈ మధ్యలో ఎవరు పోయారో, ఏ పంట పోయిందో, ఎవరి కడుపు నిలవలేదో అంతా ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. అదయ్యాక ముక్కులు చీదుకుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు తీరిగ్గా 'బాగున్నావా' అంటారు. కొత్తవాళ్ళు చూస్తే కొంపేదో మునిగిందనుకుంటారు. పెళ్ళి కుదిరిన పిల్లలకు ముసలమ్మలు పక్కన కూర్చోబెట్టుకుని మరీ ఈ విద్య నేర్పుతారు. తోటిపిల్లలు అది నేర్చుకుంటున్న వయసులో ద్వాలి ఆశ్రమ పాఠశాలలో ప్రార్థన గీతాలు నేర్చుకుంటోంది.

తల్లి సైదమ్మ పోయిన కబురు అంది వచ్చేసరికి దహనం అయిపోయింది. ఆ రోజు కూడా భుజాన సంచి ఉంది. చేతులు చాచి ఎదురొచ్చిన ఆడవాళ్ళందరికీ ద్వాలి దండం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తండాలో ఆడవాళ్ళకు అలా దండాలు పెట్టేది ఓట్లకు వచ్చినవాళ్ళే. ఆ సంగతి ఆమె ముఖాన ఎవరూ అనలేదు కాని, మర్చిపోనూ లేదు.

ద్వాలి కూడా కూర్చుని తాలు ఏరసాగింది. తండాలో మాటలన్నీ లంబాడీలోనే. వాటిని ఏ తెలుగులోకి దించాలన్నది ఆమెకు రోజూ ఉండే తలనొప్పి. పుస్తకాల తెలుగులో రాస్తే ఫూఫీ పంతులమ్మ అయిపోతుంది. అందుకని టేకులపల్లి సంతలో వినిపించే తెలుగులోకి దించుకునేది.

కాసేపయ్యాక అడగవలసింది అడిగేసింది. "శోకం కావాలె. నిజందే. కొంచెమైనా చాలు, మా సారుకు వినిపియ్యాలె."

చేతులు ఆగాయి. పక్కింటి ముసలమ్మ ముక్కుకు కట్టిన గుడ్డ కిందికి లాగింది. "మీ సారును ఓసారి సచ్చి సూపెట్టమను. అందరం వచ్చి ఏడుస్తం."

ఆడవాళ్ళు నవ్వారు. బాలి నవ్వలేదు. "గది ఉప్పు అడిగినట్టు అడిగేది కాదు బిడ్డా. సావు లేని ఇంట్ల శోకమెత్తితే, సావు ఇదే నా ఇల్లనుకొని వస్తది."

"గట్లయితే నాకు ఈ ఏడు పోయినట్టే."

అందులో బాధగాని బతిమాలడంగాని ఏమీ లేదు, వాన రాదంటున్నారని చెప్పినట్టు చెప్పింది. బాలి ఆమె ముఖంలోకి చూసి, చూపు తిప్పుకుని, గుప్పెడు తాలు కాయలు పక్కకు పోసింది.

కల్లం ఎత్తేసే వేళకు ఇద్దరూ మిగిలారు. మిరపకాయల మీద పట్టా కప్పుతూ బాలి అంది. "ఒక తోవ ఉన్నది. సైదమ్మ పోయినంక నువ్వు మాతోని మెడ పట్టుకొని కలువనే లేదు. కలువకుంటనే పోయినవ్. గది గట్లనే మిగిలి ఉన్నది. రేపు పొద్దుగాల మీ ఇంట్లనే కలుద్దాం. సావు అయిన ఇల్లే గనక దోషం లేదు. నీ డబ్బా పక్కన పెట్టుకో, నాకేం అడ్డం?"

"నాకు ఏడ్వరాదు ఫూఫీ."

"ఎవలకొస్తది? నువ్వు మెడ పట్టుకో సాలు. కడమది నేను చూసుకుంట."

ద్వాలి ఒప్పుకుంది. తల్లి కోసం మిగిలిపోయిన ఏడుపును మార్కుల కోసం వాడుకుంటున్నందుకు తను సిగ్గుపడాలని ఆమెకు తెలుసు. సిగ్గు రాలేదు. బ్యాటరీలు చాలుతాయా అన్న ఆలోచన వచ్చింది.

*

పొద్దున్నే వదిన చాందీ వాకిలి ఊడ్చి, చెంబులో నీళ్ళు నింపి గుమ్మం పక్కన పెట్టింది. సైదమ్మ పోయిన రోజుల్లో చాందీ పుట్టింట్లో ఉంది. ఆమె కూడా దహనానికి అందలేదు. తండ్రీ అన్నా ఇది ఆడవాళ్ళ పని అన్నట్టు చేలోకి వెళ్ళిపోయారు.

ద్వాలి టేపురికార్డరును రోలు మీద పెట్టింది. కొత్త క్యాసెట్ వేసి, రెండు మీటలూ కలిపి నొక్కి, ఎర్ర దీపం వెలగడం చూసుకుని, తేదీ, చోటు మెల్లగా చెప్పింది. అది కూడా సారు నేర్పిన పద్ధతే. ఆడవాళ్ళు గోడ వెంట చేరారు. చాందీ చెంబు పట్టుకుని ద్వాలి వెనక నిలబడింది.

బాలి ముసుగు గుడ్డ ముందుకు లాక్కుని వచ్చి, ద్వాలి మెడ చుట్టూ చేతులు వేసింది. రవికకు కుట్టిన అద్దాలు ద్వాలి గుండెకు ఒత్తుకున్నాయి. మిరప ఘాటు, పొగాకు, ఆముదం వాసన. ద్వాలి గడ్డం ఫూఫీ భుజం మీద ఆనింది. అక్కడి నుంచి ఎర్ర దీపం బాగా కనిపిస్తోంది. ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది.

బాలి రాగమెత్తింది. చెంబు నుంచి నీళ్ళు ఒంపినట్టు సన్నగా మొదలై, పోను పోను లావైంది.

"ఓ యాడీ, నీ బిడ్డ వచ్చింది లేసి సూడవే.
నారు నాటెటోళ్ళ నడుమ నువ్వు కూలబడితివి, కూలబడ్డదానివి లేవకపోతివి.
మంచమెత్తుకొని వాగు దాటితిమి, మేం నిండ తడిసినం, నిన్ను తడువనియ్యలే."

శోకంలో పోయినవాళ్ళంతా యాడీలే, అంటే అమ్మలే. ఆ మాట ద్వాలి మొదటి అధ్యాయంలోనే రాసింది. గోడ దగ్గరి ముసలమ్మ 'ఊఁ, ఊఁ' అని వంత పాడుతోంది. ద్వాలి తలలో పెన్సిల్ తనంతట తాను నడుస్తోంది. అనారోగ్యం. రవాణా. ఇరుగుపొరుగు సాయం. మాటలు వింటూనే వాటికి పక్కన మార్జిన్లో పేర్లు పెట్టుకుంటూ పోవడం ఈ ఏడాదంతా చేసి చేసి అలవాటైపోయింది.

"దవాఖానా తలుపు కొడితిమి యాడీ, లోపట దీపమున్నది, మనిషున్నడు.
దబదబ కొడితిమి, మెల్లగ కొడితిమి, ఆ మనిషి లేవలేదే.
మంచంల నువ్వు కండ్లు తెరిస్తివి.
నా బిడ్డ ఉంటే ఆ తలుపును ఆళ్ళ భాషల కొట్టేదని నువ్వంటివి."

ఈ సంగతి ద్వాలికి ఎవరూ చెప్పలేదు. జ్వరమొచ్చింది, దవాఖానాకు మోసుకెళ్ళారు, దక్కలేదు అన్నంత వరకే అన్న చెప్పాడు. తలుపు సంగతి లేదు, తల్లి అన్న మాట లేదు. వైద్య సదుపాయం అందకపోవడం, అని రాసుకుంది పెన్సిల్. భాష, అధికారం, అని రాసుకుంది. ఆ పైన ఏం రాయాలో దానికి తోచలేదు.

బాలి అక్కడ ఆగింది. ద్వాలి అందుకోవలసిన చోటు అదే. మెడ చుట్టూ ఉన్న చేతులు ఒకసారి బిగిసి, వదులై, మళ్ళీ బిగిశాయి. బయట కోడి పెట్ట ఒకటి అరుస్తోంది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. రాదు, నాకు రాదు, అనుకుంది ద్వాలి. ఇంతలో వెనక నుంచి ఎవరో అందుకున్నారు. వదినై ఉంటుంది. గండం గడిచిందనుకుని ఆమె మళ్ళీ దీపం వైపు చూసింది.

ఎంతసేపు సాగిందో తెలియదు. క్యాసెట్ ఒక పక్క అయిపోయి మీట టక్కున లేచింది. బాలి ముసుగు కొంగుతో ముందు ద్వాలి ముఖం తుడిచి, తర్వాత తన ముఖం తుడుచుకుంది. ఫూఫీ కన్నీళ్ళకు ద్వాలి మెడా రవికా అంతా తడిసిపోయాయి. చాందీ చెంబు అందిస్తే గటగటా తాగేసింది.

"ఇగ చెప్పు. బాగున్నవా బిడ్డా?" అంది బాలి.

"ఆగు ఫూఫీ, ఇదేమన్న తెగిందేమో చూసొస్త," అని ద్వాలి రోలు దగ్గరికి వెళ్ళింది.

టేపు తెగలేదు. అంతా ఎక్కింది. మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే గొంతు ఒకటే మంట. కల్లంలో మిరప ఘాటు పీల్చినందుకనుకుని ఇల్లెందులో బస్సాగినప్పుడు బిళ్ళలు కొనుక్కుని చప్పరించింది.

*

ద్వాలి అద్దె గది ఖానాపురం హవేలిలో, కరెంటాఫీసు గుమాస్తా ఇంటి వెనకవైపు. మర్నాడు తలుపు దగ్గరగా వేసుకుని పనికి కూర్చుంది. ఒక మీట నొక్కి వినడం, ఆపడం, రాయడం, వెనక్కి తిప్పి మళ్ళీ వినడం. బీడీలు చుట్టేవాళ్ళ చేతుల్లా వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. బాలి ఏ. వంత పాడిన ముసలమ్మ బి. దగ్గు, కోడి అరుపు, గాజుల చప్పుడు, అన్నీ బ్రాకెట్లలో పెట్టింది. దేన్నీ దిద్దలేదు.

తలుపు మీద చప్పుడైంది. ఇంటావిడ.

"ఎవరైనా పోయారా అమ్మా?"

"పోయారండీ. కొన్నాళ్ళైంది."

"మరి ఇప్పుడెందుకమ్మా ఈ ఏడుపులు?"

"చదువుకండీ. పరీక్షకు ఇవ్వాలి."

ఏడుపులకు కూడా పరీక్షలొచ్చాయా అన్నట్టు ఆవిడ నోరు తెరిచి, మూసుకుంది. "చిన్నగా పెట్టుకో తల్లీ. మంగళవారం పూట, దీపం పెట్టుకున్న ఇల్లు."

చిన్నగా పెట్టుకుని, చెవి టేపురికార్డరుకు ఆనించి విన్నది ద్వాలి. బాలి ఆగిన చోటు వచ్చింది. కోడి పెట్ట అరిచింది. 'ఊరుకున్నారు' అని బ్రాకెట్లో రాసింది. తర్వాత మూడో గొంతు లేచింది. అది ఎక్కడో నూతి లోపల మొదలైనట్టుంది. మొదట మాటలు లేవు, రాగం ఒక్కటే. పైకి వస్తూ వస్తూ విరిగిపోయి, మళ్ళీ అతుక్కుని, అప్పుడు మాటలయ్యాయి.

"ఆ తలుపు నేను తెరిపియ్యకపోతినే యాడీ.
నేనొచ్చేటాల్లకు నువ్వే తలుపేసుకుంటివి.
ఏ భాషల కొట్టాల్నే నీ తలుపు, ఎవల బతిమాలుదునే.
ఒక్కపాలి తియ్యవే, మంచినీళ్ళు అడిగిపోత."

ద్వాలి మీట నొక్కి ఆపింది. 'సి: హీరాలాల్ భార్య' అని రాసింది.

వదినకు ఇంత వచ్చని ఆమెకు తెలియదు. పుట్టింటి నుంచి ఆలస్యంగా వచ్చిన కోడలు ఇలా ఏడిస్తే, కన్న కూతురు మెడ పట్టుకుని బ్యాటరీ దీపం చూస్తూ నిలబడింది. ఆ తేడా కాగితం మీద చక్కగా కనిపిస్తోంది. వదిన మీద అసూయ లాంటిదేదో పుట్టబోయి, మధ్యలోనే చల్లారిపోయింది. ద్వాలి పేజీ తిప్పి మళ్ళీ మీట నొక్కింది.

పీజీ సెంటరులో వెంకటనారాయణ ఆ కాగితాలు చదువుతూ పల్లీల సంగతే మర్చిపోయాడు. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇదమ్మా నేనడిగింది. ఎవరీ సి?"

"మా వదిన సార్."

"అత్త కోసం కోడలా!" ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "అత్తాకోడళ్ళంటే మన కథలన్నీ కొట్లాటలే. ఇక్కడ చూడు, కూతురు మాట్లాడలేని చోట కోడలు అందుకుంటోంది. దీని మీద నువ్వు విడిగా పది పేజీలు రాయాలి. ఆవిడకు వినిపించావా?"

"ఇంకా లేదు సార్."

"వినిపించు. ఆ మాట ఎందుకన్నదో అడుగు. అడిగి ఊరుకో, మధ్యలో దూరకు. ఇంక నీ చదువుకు ఢోకా లేదు, పో."

ఢోకా లేదన్న మాటకు సంతోషించాలి. ద్వాలి "థాంక్సండీ సార్" అంది.

*

చాందీ పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది. ద్వాలి టేపురికార్డరు తెరవగానే పెనం దించి, పిండి చేతులతోనే దాని మీద పడినంత పని చేసింది.

"ఇంట్ల పెట్టకు! నాకు సంటిపిల్ల ఉన్నది. మొన్న కలిసినప్పుడు కలిసినం, అయిపోయింది. ఇయ్యాల ఏం సావున్నదని ఈ ఇంట్ల శోకం?"

"మనం ఏడుస్తలేం గదా వదినా. అది పాతదే."

"ఇంటి గోడలకు పాతదని తెల్సా, కొత్తదని తెల్సా?"

గొడవ విని బాలి వచ్చింది, వెనకాలే పక్కింటి ముసలమ్మ. విషయం విని బాలి తేల్చి చెప్పింది. "చాందీ అన్నది నిజమే. ఇంట్ల వద్దు. వాగు కాడికి పోదాం. సైదమ్మ కాడ ఏడ్చినా దోషం లేదు, ఏడుపు విన్నా దోషం లేదు."

అలా నలుగురు ఆడవాళ్ళు ఒక టేపురికార్డరు పట్టుకుని, పిల్లను పక్కింటి కోడలికి అప్పజెప్పి, పట్టపగలు వాగుకు బయలుదేరారు. చాందీ అలవాటుగా చెంబు కూడా తెచ్చింది. సైదమ్మను కాల్చిన చోట బూడిద ఏనాడో వానకు కొట్టుకుపోయింది. నల్లబడిన రాళ్ళు మిగిలాయి, వాటి మధ్య గడ్డి మొలిచి ఎండిపోయింది. వాగులో నీళ్ళు చీలమండ దాటవు. మంచమెత్తుకుని దాటింది దీన్నేనా అనుకుంది ద్వాలి.

ఒక చదును రాయి చూసి టేపురికార్డరును దాని మీద పెట్టి మీట నొక్కింది. బాలి గొంతు వాగు మీదుగా పోయింది. తన ఏడుపు తనే వింటూ బాలి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఇంత గట్టిగ ఏడ్చిన్నా?" అంది ముసలమ్మతో. ముసలమ్మ తన ఊఁ ఊఁలు విని మురిసిపోయింది.

దవాఖానా తలుపు వచ్చింది. తల్లి అన్న మాట వచ్చింది. కోడి అరిచింది. మూడో గొంతు లేచింది.

ద్వాలి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, పెన్ను తీసి, సారు చెప్పినట్టే మెత్తగా అడిగింది. "వదినా, ఇది నువ్వే గదా. ఆ మాట ఎందుకన్నవో చెప్తవా?"

చాందీ ఆమె వైపు చూసింది. తర్వాత బాలి వైపు చూసింది.

"నేనా? నేనెక్కడ ఏడ్చిన? చెంబు పట్టుకొని నీ ఎనక నిలబడ్డ. నోరు తెరువనే లేదు." నల్లరాళ్ళ వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించింది. "చెప్తే తప్పనుకోకు ద్వాలీ. మీ యాడి మంచిదే. గని నాకు గంత ఏడుపు రాదు. నా రొట్టెలకు ఎన్నడన్న మంచిగున్నయన్నదా?"

ముసలమ్మ ఫక్కున నవ్వి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

"మరెవరు?" అంది ద్వాలి. ముసలమ్మ గొంతు వేరే. గోడ దగ్గరి మిగతావాళ్ళు దూరంగా ఉన్నారు. ఇది దగ్గరగా ఉంది, అన్నిటికన్నా దగ్గరగా.

టేపు తిరుగుతూనే ఉంది. ఒక్కపాలి తియ్యవే, అంటోంది మూడో గొంతు, మంచినీళ్ళు అడిగిపోత.

"పిచ్చిదానా," అంది బాలి. "నువ్వే."

"నేను ఏడ్వలే ఫూఫీ. నాకు రాదు."

"నా సెవుల ఏడ్చినవు పోరీ. మర్నాటి దాంక సెవి గుయ్యిమన్నది. నేను ఆగిన, నువ్వు అందుకున్నవు. మేమందరం విన్నం. నీకు తెల్వకపోవుడేంది?"

ద్వాలి టేపు వెనక్కి తిప్పింది. రోజూ చేసే పనిలాగే చేసింది. మళ్ళీ విన్నది. ఎవరి గొంతు వాళ్ళకు టేపులో కొత్తగా ఉంటుందని సారు మొదటి క్లాసులోనే చెప్పాడు. ఇది కొత్తగా లేదు. రాగం చివర చిన్నగా పైకి విరవడం, ఊపిరి తీసుకునేటప్పుడు 'హా' అనడం, చిన్నప్పుడు సెలవులు అయిపోయి ఆశ్రమ పాఠశాలకు పోయే ప్రతిసారీ ఆమె విన్నదే. సైదమ్మ బస్సు దాకా వచ్చి, మెడ పట్టుకుని, అందరూ చూస్తుండగా ఇలాగే ఏడ్చేది. కిటికీలోంచి పిల్లలు నవ్వుతున్నారని ద్వాలి విడిపించుకునేది. ఎవరూ నేర్పలేదనుకున్న విద్య ఆ బస్సుల దగ్గర వచ్చేసింది.

గొంతు మంట మిరప ఘాటుకు కాదు. మెడ మీది తడి ఒక్క ఫూఫీదే కాదు.

కళ్ళు తడుముకుంది. పొడిగానే ఉన్నాయి. లోపల మాత్రం, సూది మందు దిగిపోతున్నప్పుడు దవడలో ఎక్కడో ఒక మూల నొప్పి తెలిసినట్టు, ఏదో తెలుస్తోంది. ఆమెకు భయం వేసింది. చాన్నాళ్ళకు వేసిన భయం.

"మీ సారుకేం చెప్తవ్ ఇగ?" అంది చాందీ. ఆమె బెంగంతా ఆడబిడ్డ పరీక్ష పోతుందేమోనని.

"సి ఎవరని అడుగుతడు."

"ఏమని రాస్తవ్?"

ద్వాలి కాగితం మీద 'హీరాలాల్ భార్య' అన్నది కొట్టేసింది. పద్ధతి ప్రకారం ప్రశ్నలడిగే మనిషికి 'ఆర్' అని పెట్టాలి, రీసెర్చర్, అంటే పరిశోధకురాలు అని. పెన్ను అక్కడ కొంచెంసేపు ఆగింది. 'సైదమ్మ బిడ్డ' అని రాసింది. పేర్లు వద్దన్నాడు సారు. దిద్దవద్దని కూడా ఆయనే అన్నాడు. ఏదో ఒకటి ఆయనే తేల్చుకుంటాడు.

టేపురికార్డరు ఆపి సంచిలో పెట్టింది. పట్టీ భుజానికి వేసుకోలేదు. సంచిని రాయి మీదే వదిలి, బాలి పక్కన నేల మీద కూర్చుంది.

"ఫూఫీ, ఆ దినం నువ్వొకటి అడిగినవ్. నేను చెప్పకుండ లేచిపోయిన."

"బాగున్నవా అని అడిగిన."

ద్వాలి నల్లరాళ్ళ కేసి చూసింది.

"లేను ఫూఫీ," అంది. "బాగలేను."

బాలి చెయ్యి వచ్చి ఆమె మెడ చుట్టూ పడింది. చాందీ వాగులోకి దిగి చెంబు ముంచింది.